ఫాఫ్సా, పేరెంట్ ప్లస్, జూలై నుంచి కొత్త పరిమితులు: ఈ ఏడాది పిల్లలను కాలేజీకి పంపుతున్నవాళ్లు చూడండి

ప్లేనో_నాన్న
2026 ఫిబ్రవరి 7, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఈ ఆగస్టులో కాలేజీలో చేరుతుంది. ఇక్కడే పుట్టింది కాబట్టి తను అమెరికా పౌరురాలు. నేను హెచ్-1బి ఉద్యోగ వీసా మీద, మా ఆవిడ కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 మీద ఉన్నాం. గ్రీన్‌కార్డు వరుస ఎప్పటికి కదులుతుందో తెలియదు. అబ్బాయి పదో తరగతి.

టెక్సాస్‌లోనే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. ఈశాన్యంలో ఒక ప్రైవేటు కాలేజీలో కూడా వచ్చేలా ఉంది. అక్కడ ఫీజు, వసతి, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతోంది. అమ్మాయి మనసంతా అక్కడే ఉంది. కాదనాలంటే నాకు నోరు రావడం లేదు.

హెచ్-1బి వాళ్లు ఫాఫ్సా (కాలేజీ చదువుకు ఫెడరల్ సహాయం కోరే దరఖాస్తు) నింపకూడదని, నింపితే గ్రీన్‌కార్డుకు ఇబ్బంది అవుతుందని ఒక బంధువు భయపెట్టారు. ఇది నిజమా? హైదరాబాద్‌లో నా పేరున ఒక ఫ్లాటు ఉంది, దాన్ని చూపించాలా? పిల్లల చదువుకు తల్లిదండ్రుల పేరున ఇచ్చే పేరెంట్ ప్లస్ అనే ఫెడరల్ రుణానికి జూలై నుంచి పరిమితి పెడుతున్నారట. ఆలోపే పూర్తి మొత్తం తీసుకోవడం మంచిదా?

ఎడిసన్_శారద
2026 ఫిబ్రవరి 7, రాత్రి 10:25

భయపడకండి, తప్పకుండా నింపండి. ఫాఫ్సాలో అర్హత చూసేది విద్యార్థిది. మీ అమ్మాయి పౌరురాలు కాబట్టి తల్లిదండ్రుల వీసా ఏదైనా తన అర్హతకు అడ్డు రాదు. ఫెడరల్ విద్యార్థి సహాయం తన హక్కు. ఈ వదంతి వల్ల ఎంతమంది తెలుగు పిల్లలు దరఖాస్తే చేయకుండా మిగిలిపోతున్నారో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఇప్పటి పద్ధతిలో తల్లిదండ్రులు కూడా ఖాతా తెరిచి, తమ పన్ను వివరాలను నేరుగా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి తీసుకోవడానికి ఒప్పుకోవాలి. 2026-27కి చూసేది 2024 సంవత్సరపు ఆదాయం. మీ ఆవిడకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఖాతా తెరవవచ్చు. కాకపోతే గుర్తింపు తేల్చడానికి కాస్త సమయం పడుతుంది, కాబట్టి ఆ పని ముందే మొదలుపెట్టండి.

ఫ్లాటు విషయం: చూపించాలి. మీరు నివసించే ఇల్లు ఫాఫ్సా లెక్కలోకి రాదు, పదవీ విరమణ ఖాతాలూ రావు. కానీ మిగతా స్థిరాస్తి ఏ దేశంలో ఉన్నా వస్తుంది. ఈనాటి విలువలోంచి దాని మీద ఉన్న అప్పు తీసేసి మిగిలింది రాయాలి. తల్లిదండ్రుల ఆస్తిలో గరిష్ఠంగా 5.64 శాతమే కాలేజీ ఖర్చుకు ఇవ్వగలరని లెక్క కడతారు. అదే పిల్లల పేరున దాచిన డబ్బైతే 20 శాతం. అసలు బరువంతా ఆదాయం మీదే ఉంటుంది. ఆస్తి దాచి సంతకం పెట్టడం మాత్రం వద్దు, అది ఫెడరల్ పత్రం.

మీరు చెప్పే ప్రైవేటు కాలేజీ సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో సహాయ దరఖాస్తు అడుగుతుందేమో చూడండి. అందులో ప్రశ్నలు ఎక్కువ, కొన్ని కాలేజీలు ఉంటున్న ఇంటి విలువను కూడా లెక్కిస్తాయి.

పాత_లెక్కలు
2026 ఫిబ్రవరి 8, ఉదయం 7:10

శారద గారు చెప్పినవన్నీ సరైనవే. నేను చాలాకాలం ఒక కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయంలో పనిచేశాను, అందుకని మూడో ప్రశ్న అందుకుంటున్నాను.

ప్లేనో గారూ, పేరెంట్ ప్లస్ మీకు వర్తించదు. ఆ రుణం తీసుకునే తల్లి లేదా తండ్రి అమెరికా పౌరులో, గ్రీన్‌కార్డు లాంటి అర్హత ఉన్నవారో అయి ఉండాలి. హెచ్-1బి సరిపోదు. కాబట్టి పరిమితి వచ్చేలోపు తీసుకుందామన్న తొందర అక్కర్లేదు.

మరి మీ అమ్మాయికి ఏముంది? తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ రుణం మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత ఏడాదికి 7,500. నాలుగేళ్లకు 27 వేలు. అయితే చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. పౌరసత్వం కారణంగా తల్లిదండ్రులు ప్లస్ తీసుకోలేని స్థితిలో ఉంటే, కాలేజీ సహాయ కార్యాలయం తన విచక్షణతో విద్యార్థికి అదనపు అన్‌సబ్సిడైజ్డ్ (చదువుతుండగానే వడ్డీ పడే) రుణం ఇవ్వవచ్చు. మొదటి రెండేళ్లు ఏడాదికి 4,000, తర్వాత 5,000. అప్పుడు నాలుగేళ్ల మొత్తం 45 వేలు అవుతుంది. అడగనిదే ఎవరూ చెప్పరు. లిఖితపూర్వకంగా అడగండి.

అడగవచ్చు అంటున్నానే గానీ, ఆ 45 వేలూ తీసుకోమని చెప్పడం లేదు. చదువుతుండగానే వడ్డీ పెరుగుతుంది. 2025-26లో డిగ్రీ విద్యార్థుల రుణాల మీద వడ్డీ 6.39 శాతం. ఏటా మే నెలలో జరిగే పదేళ్ల ట్రెజరీ బాండ్ల వేలాన్ని బట్టి ఆ రేటు మారుతుంది. 2020-21లో ఇదే వడ్డీ 2.75 శాతం ఉండేది. రెండిళ్ల పిల్లలు ఒకే కాలేజీలో ఒకే చదువు చదివి, పుట్టిన సంవత్సరం తేడా వల్ల ఇంత వ్యత్యాసం మోయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఫ్రీమాంట్_రైతుబిడ్డ
2026 ఫిబ్రవరి 8, ఉదయం 11:32

నేను ఇక్కడ చాలామందికి నచ్చని మాట చెబుతాను. 2025 జూలై 4న సంతకమైన చట్టంలో రుణాలకు పరిమితులు పెట్టడం మంచి పని. ఇది ఎప్పుడో జరగాల్సింది.

2006 నుంచి గ్రాడ్ ప్లస్ అనే రుణం ఉంది. మాస్టర్స్ లేదా వృత్తి విద్య చదివేవాళ్లకు కాలేజీ ఎంత ఖర్చు చూపిస్తే అంత ఇచ్చేవారు. అప్పుకు హద్దు లేనప్పుడు ఫీజుకు హద్దు ఎందుకుంటుంది? 1987లోనే అప్పటి విద్యాశాఖ మంత్రి విలియం బెన్నెట్ ఫెడరల్ సహాయం పెరిగేకొద్దీ కాలేజీలు ధైర్యంగా ఫీజులు పెంచుకుంటున్నాయని రాశారు. అప్పు ఇచ్చేది ప్రభుత్వం, తీసుకునేది విద్యార్థి, తింటున్నది కాలేజీ. విద్యార్థి తీర్చలేకపోతే కాలేజీకి ఒక్క డాలరు నష్టం లేదు.

జూలై 1 నుంచి కొత్తవాళ్లకు గ్రాడ్ ప్లస్ ఉండదు. మామూలు గ్రాడ్యుయేట్ చదువుకు ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్లు. వైద్యం, న్యాయశాస్త్రం వంటి వృత్తి విద్యలకు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు. పేరెంట్ ప్లస్ ఒక్కో బిడ్డకు ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు. ఇవి చిన్న మొత్తాలా? ఫెడరల్ విద్యా రుణాల బాకీ 1.6 లక్షల కోట్ల డాలర్లు దాటింది, 4 కోట్లకు పైగా మనుషులు మోస్తున్నారు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా.

రెండో_తరం
2026 ఫిబ్రవరి 8, మధ్యాహ్నం 2:05

ఫ్రీమాంట్ అంకుల్, నేను మీరు చెప్పిన గీతకు అవతలి వైపు నిలబడి ఉన్నాను.

నేను ఈ వేసవి తర్వాత ఫిజికల్ థెరపీ డాక్టరేట్‌లో చేరాలి. మూడేళ్ల కోర్సు. ఫీజు, బతుకు ఖర్చు కలిపి ఏడాదికి 50 వేలు దాటుతోంది. విద్యాశాఖ ప్రతిపాదించిన నిర్వచనంలో వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి వృత్తి విద్యలుగా ఉన్నాయి. నర్సింగ్, ఫిజికల్ థెరపీ లేవు. అంటే నాకు ఏడాదికి 20,500 మాత్రమే. మిగతా 30 వేలు ఎక్కడ తేవాలి? లైసెన్సు పరీక్ష రాసి, రోగిని ముట్టుకుని వైద్యం చేసే పని వృత్తి కాకపోతే మరేమిటి?

ఇప్పటికే కోర్సులో ఉండి రుణం తీసుకున్నవాళ్లకు పాత నిబంధనలు కొంతకాలం కొనసాగుతాయి. ఒక్క ఏడాది ముందు చేరిన నా స్నేహితురాలికి ఉన్న దారి నాకు లేదు. ఫీజులు తగ్గుతాయని మీరంటున్నారు. ఎప్పుడు తగ్గుతాయి? మా కాలేజీ వచ్చే ఏడాది ఫీజు ప్రకటించింది, ఒక్క డాలరు తగ్గలేదు. ప్రైవేటు రుణం అడిగితే హామీ సంతకం కావాలన్నారు. నాన్నగారికి ఇప్పటికే ఇంటి అప్పు ఉంది.

పాత_లెక్కలు
2026 ఫిబ్రవరి 8, సాయంత్రం 6:48

ఫ్రీమాంట్ గారి వాదనలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని ముందు ఒప్పుకుంటాను. స్టెఫనీ సెలీని, క్లాడియా గోల్డిన్ చేసిన పరిశోధన ఒకటుంది. లాభాల కోసం నడిచే కాలేజీల్లో, ఫెడరల్ సహాయానికి అర్హత ఉన్నవి అలాంటి కోర్సులే నేర్పే అర్హత లేని వాటికంటే దాదాపు 75 శాతం ఎక్కువ ఫీజు వసూలు చేశాయని తేల్చారు. అక్కడ బెన్నెట్ మాట సరిపోయింది.

కానీ మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్లేది రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు. అక్కడ ఫీజులు పెరిగిన తీరు వేరు. 2008 మాంద్యం తర్వాత చాలా రాష్ట్రాలు తమ కాలేజీలకు ఇచ్చే నిధులు కోశాయి. ఆ లోటును విద్యార్థుల మీద వేశారు. రుణ పరిమితి పెడితే ఆ నిధులు వెనక్కి రావు.

ఈ వ్యవస్థ అప్పుల కోసం పుట్టలేదు. 1965 నవంబరు 8న లిండన్ జాన్సన్ టెక్సాస్‌లోని శాన్ మార్కోస్‌లో, తాను చదివిన కాలేజీలోనే ఉన్నత విద్యా చట్టం మీద సంతకం చేశారు. పేదరికం వల్ల ఏ బిడ్డా కాలేజీ గుమ్మం దగ్గర ఆగిపోకూడదన్నది దాని ఉద్దేశం. 1972లో తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటు వచ్చింది. రోడ్ ఐలండ్ సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరు దానికి తర్వాత పెట్టారు. 1970ల మధ్యలో గరిష్ఠ పెల్ గ్రాంటు ప్రభుత్వ నాలుగేళ్ల కాలేజీ ఖర్చులో ముప్పావు వంతుకు పైగా భరించేది. ఇప్పుడు గరిష్ఠం 7,395 డాలర్లు, ఖర్చులో మూడో వంతుకు కూడా రాదు. గ్రాంటు వెనకబడిన మేరకు అప్పు ముందుకొచ్చింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ మార్పు ఆగలేదు. మన చర్చ కూడా అప్పు ఎంత, వడ్డీ ఎంత, మాఫీ ఎవరికి అన్నదాని చుట్టూ తిరుగుతోంది. గ్రాంటు రెట్టింపు చేయమని అడిగేవాళ్లే తక్కువ.

రెండో తరం అమ్మా, నీకు జరుగుతున్నది అన్యాయం. పరిమితి పెట్టేవాళ్లు ముందు ఫీజు తగ్గించే షరతు పెట్టి, తర్వాత రుణం ఆపాలి. ఇక్కడ వరుస తిరగబడింది, మధ్యలో నీ వయసువాళ్లు నలిగిపోతున్నారు.

వరంగల్_టు_మిన్నెసోటా
2026 ఫిబ్రవరి 8, రాత్రి 8:15

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన మాకు ఈ ఫెడరల్ రుణాలు, గ్రాంట్లు ఏవీ ఉండవు. నా చదువు రుణం ఊళ్లో నాన్న ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో తెచ్చింది. వడ్డీ రూపాయల్లో నడుస్తోంది, ఉద్యోగం ఇక్కడ వెతుక్కోవాలి. అన్నలూ అక్కలూ, మీ పిల్లలకు ఉన్న అర్హతను వదులుకోవద్దు.

ఎడిసన్_శారద
2026 ఫిబ్రవరి 8, రాత్రి 8:50

ఇదే మాట హెచ్-4 పిల్లల గురించీ చెప్పాలి. మూడేళ్ల వయసులో వచ్చి ఇక్కడే బడికి వెళ్లి, ఇక్కడి జెండాకు వందనం చేస్తూ పెరిగిన పిల్లలకు ఫెడరల్ సహాయం లేదు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 కూడా పోతుంది. ఒకే ఇంట్లో అక్కకు లేని అర్హత ఇక్కడ పుట్టిన తమ్ముడికి ఉంటుంది. మా ఎదురింట్లో ఉన్నది సరిగ్గా ఆ పరిస్థితే. ఆ అమ్మాయి మార్కులు తమ్ముడి మార్కుల కంటే ఎంతో మేలు. అలాంటి పిల్లలు రాష్ట్రాల సహాయం, కాలేజీ సొంత నిధుల స్కాలర్‌షిప్‌లు వెతుక్కోవాలి. ఇది రాష్ట్రాన్ని బట్టి చాలా మారుతుంది.

అట్లాంటా_పద్మ
2026 ఫిబ్రవరి 9, ఉదయం 6:30

ఈ వేదికలో చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. పేరెంట్ ప్లస్ మాట చూసి రాస్తున్నాను.

మా అబ్బాయి కోసం నాలుగేళ్లూ నా పేరున ప్లస్ తీసుకున్నాను. వడ్డీతో కలిపి ఇప్పుడు 90 వేలు దాటింది. ఇచ్చేటప్పుడు నా జీతం ఎంత, తీర్చగలనా అని ఎవరూ అడగలేదు. పాత ఎగవేతలు లేవని చూసి ఇచ్చేశారు. మా వారికి ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం మానేశారు. నాకు 58 ఏళ్లు. అబ్బాయి నెలనెలా కొంత పంపుతున్నాడు. కానీ బాకీ నా పేరునే ఉంది, వాడి పేరుకు మార్చే వీలు ఫెడరల్ ప్రభుత్వంలో లేదట. రుణ సేవా సంస్థకు ఫోన్ చేస్తే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఆదాయాన్ని బట్టి కట్టే పథకం నాకు ఏదైనా ఉందా? నేను కౌంటీ ప్రభుత్వ బడిలో పనిచేస్తున్నాను.

పాత_లెక్కలు
2026 ఫిబ్రవరి 9, ఉదయం 7:55

పద్మ గారూ, మీరు రాయడం చాలా మంచిదైంది. సమయం తక్కువ ఉంది, దయచేసి జాగ్రత్తగా చదవండి.

ఆదాయాన్ని బట్టి వాయిదా కట్టేలా జూలైలో మొదలయ్యే కొత్త రాప్ పథకంలోకి పేరెంట్ ప్లస్ రుణాలను రానివ్వరు. మీకున్న దారి ఒక్కటే. ఆ రుణాలన్నిటినీ 2026 జూలై 1 లోపు ఫెడరల్ డైరెక్ట్ కన్సాలిడేషన్ రుణంగా (అన్నీ కలిపిన ఒకే కొత్త రుణంగా) మార్చుకుని, ఆదాయాన్ని బట్టి కట్టే పాత పథకం ఐసీఆర్‌లో చేరాలి. అందులో వాయిదా కట్టాక అలాంటిదే ఇంకో పథకం ఐబీఆర్‌లోకి మారవచ్చు. ఐసీఆర్‌ను 2028 జూలైకల్లా మూసేస్తారు కాబట్టి ఆ మార్పు కూడా వాయిదా వేయకండి. జూలై దాటితే ఈ తలుపు మూసుకుంటుంది.

మీరు ప్రభుత్వ బడిలో పనిచేస్తున్నానన్నారు. 2007 చట్టం కింద ప్రజాసేవ రుణమాఫీ ఉంది. పూర్తికాల ఉద్యోగంలో ఉంటూ అర్హత ఉన్న పథకంలో 120 నెలవారీ వాయిదాలు కడితే మిగిలిన బాకీ రద్దవుతుంది. రుణం మీ పేరున ఉంది కాబట్టి చూసేది మీ ఉద్యోగాన్నే, అబ్బాయిది కాదు. ఆ మాఫీ మీద ఫెడరల్ పన్ను లేదు. ఉద్యోగ ధ్రువీకరణ పత్రం ఈ వారమే బడి కార్యాలయంలో ఇవ్వండి.

ఇంకో మాట. ఇంట్లో మరో బిడ్డ ఉంటే, జూలై తర్వాత కొత్తగా ప్లస్ తీసుకోకండి. తీసుకుంటే పాత రుణాలకు ఉన్న ఈ వెసులుబాటు కూడా పోతుంది.

ఫ్రీమాంట్_రైతుబిడ్డ
2026 ఫిబ్రవరి 9, ఉదయం 9:20

పద్మ గారి పోస్టు చదివాక నా మాట మరింత గట్టిగా చెప్పాలనిపిస్తోంది. తీర్చగలరా అని అడగకుండా తల్లి చేత సంతకం పెట్టించిన రుణం అది. 65 వేల పరిమితి అప్పుడే ఉండి ఉంటే ఆమె ఈ స్థితిలో ఉండేవారు కాదు.

అయితే ఫిజికల్ థెరపీని, నర్సింగ్‌ను బయట పెట్టడం నాకూ సమ్మతం కాదు. పరిమితి చదువుకయ్యే ఖర్చును, తర్వాత వచ్చే జీతాన్ని చూసి పెట్టాలి. అదే చట్టంలో ఇంకో నిబంధన ఉంది. ఒక డిగ్రీ చదివినవాళ్ల సంపాదన కేవలం హైస్కూలు చదివినవాళ్ల కంటే తక్కువగా ఉంటూ, మూడేళ్లలో రెండేళ్లు అలాగే తేలితే ఆ కోర్సుకు ఫెడరల్ రుణాలు ఆపేస్తారు. కాలేజీ మెడ మీద బరువు పెట్టే ఇలాంటి నిబంధనలు ఇంకా రావాలి.

ప్లేనో_నాన్న
2026 ఫిబ్రవరి 9, రాత్రి 9:15

అందరికీ కృతజ్ఞతలు. ఫాఫ్సా నింపడం మొదలుపెట్టాం. ఇంకో రెండు సందేహాలు. అమ్మాయి 27 వేలు అప్పు తీసుకుంటే తర్వాత నెలకు ఎంత కట్టాలి? ఆదాయాన్ని బట్టి కట్టే సేవ్ అనే పథకం గురించి అంతకుముందు విన్నాను, అది ఉందా? ఇక మిగిలిన డబ్బుకు నా హామీ సంతకంతో ప్రైవేటు రుణం తీసుకోవచ్చా?

పాత_లెక్కలు
2026 ఫిబ్రవరి 9, రాత్రి 10:40

సేవ్ గురించి ఆశ పెట్టుకోకండి. 2023లో వచ్చింది, మరుసటి ఏడాదే కోర్టులు ఆపేశాయి, కొత్త చట్టం దాన్ని రద్దు చేస్తోంది. అంతకుముందు 2023 జూన్ 30న సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో ప్రభుత్వం ప్రకటించిన 10 వేలు, 20 వేల డాలర్ల విద్యా రుణ మాఫీని కొట్టేసింది. మాఫీ వస్తుందన్న నమ్మకంతో అప్పు చేసే రోజులు పోయాయి.

జూలై 1 తర్వాత తీసుకునే రుణాలకు రెండే దారులు. ఒకటి స్థిర వాయిదాల పథకం. బాకీ 25 వేల లోపైతే పదేళ్లు, 25 నుంచి 50 వేల వరకు పదిహేనేళ్లు. 27 వేలకు 6.39 శాతం చొప్పున పదిహేనేళ్లలో నెలకు సుమారు 234 డాలర్లు, మొత్తం 42 వేలు. అదే పదేళ్లలో తీరిస్తే నెలకు 305, మొత్తం 36,600. ముందే తీర్చినందుకు జరిమానా లేదు. కాబట్టి చేతనైతే ఎక్కువ కట్టించండి.

రెండోది రాప్. ఏడాది సంపాదన 10 వేలు దాటితే అందులో 1 శాతం, 20 వేలు దాటితే 2 శాతం, ఇలా పెరుగుతూ లక్ష దాటితే 10 శాతం. అమ్మాయి జీతం 45 వేలైతే 4 శాతం, అంటే నెలకు 150. పిల్లలుంటే ఒక్కొక్కరికి నెలకు 50 తగ్గిస్తారు. వాయిదాకు మించిన వడ్డీని వదిలేస్తారు. ఇది నిజంగా మంచి ఏర్పాటు, పాత పథకాల్లో కట్టేకొద్దీ బాకీ పెరిగి ఎంతోమంది కుంగిపోయారు. చెడు ఏమిటంటే, 60 వేల సంపాదన మీద నెలకు 250 కట్టేవాళ్లు ఒక్క డాలరు ఎక్కువ సంపాదిస్తే 300 కట్టాలి. ధరలు పెరిగినా ఆ మెట్లు మారవు. మిగిలిన బాకీ రద్దు కావడానికి 30 ఏళ్లు పడుతుంది. కనీసం కట్టాల్సింది నెలకు 10 డాలర్లు, సంపాదన లేకపోయినా సరే.

ప్రైవేటు రుణం గురించి గట్టిగానే చెబుతాను, వద్దు. మీరు హెచ్-1బి మీద ఉన్నారు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఇచ్చేది 60 రోజులు. దేశం వదిలి వెళ్లాల్సి వచ్చినా ఆ హామీ సంతకం మీతోనే వస్తుంది. ఆదాయాన్ని బట్టి వాయిదా ఉండదు, ప్రజాసేవ మాఫీ ఉండదు. 2005 చట్టం తర్వాత దివాలా తీసినా ప్రైవేటు విద్యా రుణం పోవడం చాలా కష్టం. ఒక బిడ్డ చదువు కోసం ఇంకో బిడ్డ చదువును, మీ ఇద్దరి వృద్ధాప్యాన్ని తాకట్టు పెట్టకండి.

శాక్రమెంటో_లలిత
2026 ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 12:20

ఎవరూ కమ్యూనిటీ కాలేజీ (మొదటి రెండేళ్లు తక్కువ ఫీజుతో చదివే స్థానిక ప్రభుత్వ కాలేజీ) ఊసెత్తలేదు. మనవాళ్ల పెళ్లిళ్లలో, పండుగల్లో ఆ పేరు చెప్పడానికి తల్లిదండ్రులు తల దించుకుంటారు. ఎందుకు? కాలిఫోర్నియాలో ఇక్కడివాళ్లకు యూనిట్‌కు (కోర్సులను లెక్కించే కొలత) 46 డాలర్లు. ఏడాదికి 30 యూనిట్లు చదివితే 1,380. మా అమ్మాయి రెండేళ్లు అక్కడ చదివి, ముందే రాసుకున్న బదిలీ ఒప్పందం ప్రకారం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌కు వెళ్లింది. పట్టా మీద ఉన్నది డేవిస్ పేరే. తనకు అప్పు లేదు. అక్కడ పాఠం చెప్పిన గణితం టీచరు దగ్గరికి ఇప్పటికీ వెళ్లి పలకరిస్తుంది, అంత శ్రద్ధగా చెప్పారు. ఇలాంటి ఒప్పందం డేవిస్, అర్వైన్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, మెర్సెడ్‌లకు ఉంది. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలకు లేదు. ప్రతి రాష్ట్రంలో ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది, వెతకండి.

ఎడిసన్_శారద
2026 ఫిబ్రవరి 10, సాయంత్రం 5:35

ప్లేనో గారూ, 80 వేలు అన్నది కాలేజీ ప్రకటించిన ధర. మీరు కట్టేది అంతే అని ఇప్పుడే అనుకోకండి. ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నికర ధర లెక్కించే సాధనం పెట్టాలని ఫెడరల్ చట్టమే ఉంది. అందులో మీ ఆదాయం వేసి చూడండి. పెద్ద నిధులున్న కొన్ని ప్రైవేటు కాలేజీలు మధ్యతరగతికి రాష్ట్ర విశ్వవిద్యాలయం కంటే తక్కువకే ఇస్తాయి. నిధులు లేనివి నాలుగు వేల స్కాలర్‌షిప్ ఇచ్చి, ఎంత సహాయం ఇస్తారో చెప్పే ఉత్తరంలో రుణాన్ని కూడా 'సహాయం' కింద కలిపి చూపిస్తాయి. ఉత్తరం వచ్చాక గ్రాంటు ఎంత, అప్పు ఎంత అని విడదీసి రాసుకోండి. 2024 తర్వాత ఆదాయం తగ్గినా, వైద్య ఖర్చులు వచ్చినా ఆధారాలతో పునఃపరిశీలన కోరవచ్చు.

ప్లేనో_నాన్న
2026 మార్చి 21, రాత్రి 8:30

ప్రైవేటు కాలేజీ ఉత్తరం వచ్చింది. శారద గారు చెప్పినట్టు విడదీశాం. గ్రాంటు పోగా ఏడాదికి 52 వేలు మాకే మిగిలింది. అమ్మాయిని కూర్చోబెట్టి 234, 305 లెక్కలు తనచేతే వేయించాను. ఒక రోజంతా మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి రాష్ట్ర విశ్వవిద్యాలయమే అంది. అక్కడ సబ్సిడైజ్డ్ (చదివేటప్పుడు ప్రభుత్వమే వడ్డీ భరించే) రుణం రాలేదు గానీ, 5,500 అన్‌సబ్సిడైజ్డ్ ఇచ్చారు. అదనపు 4,000 గురించి అడిగితే అర్హత ఉందన్నారు. ప్రస్తుతానికి తీసుకోవడం లేదు.

రెండో_తరం
2026 మార్చి 22, ఉదయం 10:10

తనకు నా అభినందనలు చెప్పండి అంకుల్. నేను చేరడం ఒక ఏడాది వాయిదా వేశాను. ఆసుపత్రిలో సహాయకురాలిగా పనిచేస్తూ, తక్కువ ఫీజు ఉన్న ప్రభుత్వ కాలేజీలకు మళ్లీ దరఖాస్తు చేస్తాను. విద్యాశాఖ నిర్వచనం గురించి మా కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాశాను. మీలో ఓటు హక్కు ఉన్నవాళ్లు కూడా రాయండి.

అట్లాంటా_పద్మ
2026 మార్చి 22, మధ్యాహ్నం 1:45

ఉద్యోగ ధ్రువీకరణ పత్రం ఇచ్చాను. కన్సాలిడేషన్ దరఖాస్తు పెట్టాను, అందినట్టు సందేశం వచ్చింది. ఇంకేమైనా చేయాలా?

పాత_లెక్కలు
2026 మార్చి 22, మధ్యాహ్నం 2:20

చేయాలి. దరఖాస్తు అందితే చాలదు, జూలై 1 లోపు కొత్త రుణం మంజూరై పాతవి తీరిపోవాలి. దీనికి వారాలు పడుతుంది. ఏప్రిల్ చివరికల్లా పూర్తి కాకపోతే మీ కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయానికి వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి, అలాంటి పనుల కోసమే అక్కడ సిబ్బంది ఉంటారు. ఐసీఆర్ కోరుతూ పెట్టిన పత్రం కూడా దరఖాస్తుతో పాటు వెళ్లిందో లేదో ఇవాళే చూసుకోండి. వెళ్లకపోతే ఇక్కడ రాయండి, ఏ పేజీలో ఉంటుందో చెబుతాను.